కవరులో పట్టని పాదం

నవంబరులో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తినడం అయిందో లేదో, దీవెన వసారాలో చాప పరిచి దాని నిండా కాగితపు ముక్కలు పోసుకుంది. నక్షత్రాలు, గంటలు, పువ్వులు, నెమళ్ళు. మధ్యమధ్య ఏనుగులు కూడా ఉన్నాయి.

క్రిస్మస్ కార్డు చేయడానికి ఏనుగులెందుకని అడగకండి. దీవెన వాళ్ళ నాన్న ఆశీర్వాదం రాజమండ్రిలో శుభలేఖలు వేసే ప్రెస్సులో పనిచేస్తాడు. రోజూ కొవ్వూరు నుంచి బండి మీద వంతెన దాటి వెళ్ళి వస్తాడు. అక్కడ ఆయన పని డై కటింగ్ మిషన్ మీద. ఉక్కు బ్లేడును నెమలి ఆకారంలో వంచి చెక్కలో బిగిస్తారు. దాన్నే డై అంటారు. కింద అట్ట పెట్టి మిషన్ నొక్కితే, డబ్బా మూతతో పూరీలు కోసినట్టు, నెమలి చక్కగా ఊడి చేతికొస్తుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో నెమళ్ళూ ఏనుగులూ కోస్తారు. డిసెంబరు దగ్గరపడితే నక్షత్రాలూ గంటలూ కోస్తారు. అంచు పోయినవీ, లెక్కకు మిగిలినవీ ఓనరుగారిని అడిగి నాన్న ఇంటికి తెస్తాడు.

దీవెన ఆరో తరగతి. బొమ్మలన్నా రంగులన్నా స్కూల్లో ఎవరైనా దీవెన పేరే చెబుతారు. ఆ సంగతి దీవెనకు కొంచెం ఎక్కువగానే తెలుసు.

ఈ కార్డు మాత్రం స్కూలు కోసం కాదు, అమ్మ కోసం. అమ్మ సువార్త కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. వెళ్ళి రెండేళ్ళయింది. అక్కడ వంటగదిలో అలమార తలుపు మీద కార్డు అతికించుకుంటానని అమ్మ ఫోన్లో చెప్పింది. వంట చేస్తున్నంతసేపూ అమ్మ కళ్ళ ముందు తన కార్డే ఉంటుంది. అది తలుచుకుంటే దీవెన చేతులు ఇంకా జాగ్రత్తగా కదిలేవి. అట్ట మీద పెద్ద నక్షత్రం పెట్టింది. దాని మీద స్పాంజి టేపు ముక్క వేసి ఇంకో నక్షత్రం, మళ్ళీ స్పాంజి వేసి ఇంకోటి. నక్షత్రాలు మేడ కట్టినట్టు పైకి లేచాయి. అటూ ఇటూ రెండు గంటలు, కింద ఒక నెమలి జంట. ఏనుగును మాత్రం చాలాసేపు చూసి పక్కన పెట్టేసింది.

చాప అవతలి కొసన తమ్ముడు జాషువా కూర్చున్నాడు. వాడు ఒకటో తరగతి. మంచి ముక్కలన్నీ అక్క ముందే ఉన్నాయి. వాడికి దక్కింది నక్షత్రాలు ఊడిపోయాక మిగిలిన కన్నాల షీటు. వాడు దాన్నే మడతపెట్టి కార్డు అన్నాడు. తర్వాత బంగారు రంగు అట్ట ఒకటి నేల మీద వేసి, దాని మీద కుడికాలు పెట్టి, వంగి, నాలుక బయటపెట్టి, పెన్సిలుతో పాదం చుట్టూ గీశాడు. కత్తెరతో కోస్తుంటే చిటికెన వేలు తెగిపోయింది. దాన్ని బంక పెట్టి అతికించాడు. బంక పాదమంతా పాకింది.

"చూడక్కా. నాన్న దగ్గర మిషన్‌లాగే. నా కాలే డై."

దీవెన తలెత్తి చూసింది. "ఒరేయ్, కాగితం మీద కాలు పెడతారా ఎవరైనా? అదీ అమ్మకి పంపే కాగితం."

వాడి ముఖం చిన్నబోయింది. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని నాయనమ్మ వాడికి ఎప్పుడో నేర్పింది. వాడు ఆ బంగారు పాదాన్ని ఒక కంటికీ, ఇంకో కంటికీ అద్దుకున్నాడు. కొంచెం బంక రెప్పకు కూడా అంటింది.

"అద్దుకున్నాను. ఇప్పుడు పర్లేదా?"

దీవెన నెమలి తోక నిటారుగా వచ్చిందో లేదో చూసుకుంటోంది.

వాడికి ఆ ఆలోచన ఊరికే రాలేదు. పోయిన శుక్రవారం వీడియో కాల్‌లో అమ్మ, క్రిస్మస్‌కి వాడికి బూట్లు కొని పంపిస్తానంది, కాలు ఎంతయిందని అడిగింది. వాడు వెంటనే కాలెత్తి ఫోను ముందు పెట్టాడు. ఇంత పెద్ద కాలికి బూట్లు కువైట్ మొత్తం వెతికినా దొరకవని అమ్మ నవ్వింది. ఫోన్లో చూస్తే కొలత తెలియదని అప్పుడు వాడికి అర్థమైంది. మరి కాలినే పంపిస్తే సరి అనుకున్నాడు.

వాళ్ళ వీధిలో ఉషారాణి అత్త మర్నాడు పొద్దున్నే కువైట్ తిరిగి వెళ్తోంది. ఆ వీధిలో ఎవరైనా అటు వెళ్తున్నారంటే చాలు, ఆవకాయ సీసాలూ పూతరేకుల డబ్బాలూ పట్టుకుని జనం ఆ ఇంటి ముందు చేరతారు. ఉషారాణి అత్త మొహమాటం లేని మనిషి. బ్యాగు బరువు ఇప్పటికే మించిపోయిందనీ, ఇంటికి ఒక్క కవరే, అదీ పల్చగా ఉంటేనే తీసుకుంటాననీ అందరికీ ముందే చెప్పేసింది.

రెండు కార్డులూ ఒకే కవరులో పెట్టి ఇచ్చి రమ్మని నాన్న దీవెనకు అప్పజెప్పాడు. దీవెన పెట్టింది. కవరు అప్పంలా పొంగింది. ఉషారాణి అత్త దాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసి తల ఊపింది.

"ఇది బ్యాగులో నలిగిపోద్దమ్మా. ఆ ఉబ్బెత్తువి పీకేస్తే రెండూ పడతాయి. లేదంటే ఒక్కటే పెట్టు. పొద్దుటే బయల్దేరతాను, చీకటి పడేలోగా తెచ్చియ్యి."

దీవెన ఇంటికొచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంది. నాయనమ్మ ఏసమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. జాషువా వీధిలో ఆడుకుంటున్నాడు. దీవెన కార్డులు రెండూ బయటకు తీసింది. పై నక్షత్రం కింద గోరు పెట్టి కొంచెం లేపింది. స్పాంజి ఊడి వస్తే కింద నక్షత్రం చిరిగేలా ఉంది. మేడంతా కూలిపోతే ఇక ఆ కార్డులో ఏముంటుంది? అమ్మ అలమార తలుపు మీద చప్పిడిగా అతుక్కుని ఉంటుంది.

తర్వాత తమ్ముడి కార్డు చూసింది. కన్నాలు, బంక మరకలు, అతికించిన చిటికెన వేలు. పైగా కాలు. అమ్మ పనిచేసే ఇంటి మేడమ్ చూస్తే ఏమనుకుంటుంది? బూట్ల కొలత అయితే నాన్న ఫోన్లో చెబుతాడులే. ఈసారి కాకపోతే ఇంకెవరైనా వెళ్ళేటప్పుడు పంపొచ్చు.

కారణాలు ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వచ్చేశాయి. దీవెన జాషువా కార్డును బీరువా కింది అరలో పరిచిన పేపరు కిందకు తోసింది. తన కార్డు ఒక్కటే కవరులో పెట్టి అంటించింది.

వీధి మలుపులో జాషువా ఎదురొచ్చి, నాది కూడా పెట్టావా అని అడిగాడు. పెట్టానంది. వాడు ఉషారాణి అత్త గుమ్మం దాకా కూడా నడిచి, ఆమె కవరు బ్యాగులో పెట్టేదాకా నిలబడి చూశాడు. దీవెన మాత్రం అటు చూడలేదు.

రెండు శుక్రవారాలు గడిచాక అమ్మ ఫోన్ చేసింది. దీవెన చేసిన కార్డును అమ్మ ఫోన్లో కనిపించేలా పట్టుకుంది. ఒక్క నక్షత్రం కూడా నలగలేదు. అలమార తలుపు మీదే పెడుతున్నానంది. దీవెన ఆ మాట కోసమే అన్నాళ్ళు ఎదురుచూసింది. తీరా వింటుంటే జాషువా పక్కనుంచి తల దూరుస్తున్నాడు.

"అమ్మా, మరి నాది?"

అమ్మ ఒక్క క్షణం ఆగింది. దీవెన గబగబా మాట అందించింది. "తమ్ముడిది కూడా బాగుంది కదమ్మా? రెండూ ఒకే కవరులో పెట్టాను కదా."

అమ్మ దీవెన ముఖంలోకి చూసింది. తర్వాత జాషువా ముఖంలోకి చూసింది.

"బాగుంది నాన్నా. చాలా బాగుంది," అంది.

వాడు సంతోషంతో ఫోనును ఊపేశాడు. కొలత సరిగ్గా ఉందా అని అడుగుతుండగా సిగ్నల్ పోయింది. వాడు పట్టించుకోలేదు. ఆ తర్వాత నాన్న టేపు తెచ్చి, కాలు పెట్టరా కొలిచి అమ్మకు చెబుతానంటే, వాడు పెద్దమనిషిలా చెయ్యి అడ్డం పెట్టాడు. తాను పంపించేశాననీ, అమ్మ చూసేసిందనీ చెప్పాడు. నాన్న నవ్వి టేపు చుట్టేశాడు. దీవెన అన్నం కంచం ముందు కూర్చుని ఉంది. అప్పుడైనా నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు.

క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. బూట్లు రాలేదు. తెచ్చేవాళ్ళు ఎవరూ దొరకలేదని అమ్మ చెప్పింది. జాషువా ఓపిగ్గా ఎదురుచూశాడు. సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాక, చెరువు వీధి దేవకుమారి కువైట్ నుంచి సెలవు మీద ఊరికి వస్తూ ఒక పెట్టె తెచ్చింది.

నీలం రంగు బూట్లు. నడిస్తే మడమల దగ్గర ఎర్ర లైట్లు వెలుగుతాయి. జాషువా చాప మీద కూర్చుని, కుడికాలు దూర్చాడు. సగందాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ దూర్చాడు. పళ్ళు బిగించి, మడమను నేలకేసి కొట్టి, లోపలికి నెట్టేశాడు.

నాయనమ్మ బొటనవేలితో బూటు ముందు భాగం నొక్కి చూసింది. "బిగుతేమో రా అయ్యా."

"లేదు నాయనమ్మా. సరిపోయాయి."

వాడు వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించాడు. ఎర్ర లైట్లు వెలిగాయి. నాన్న ఆ నడకను వీడియో తీసి అమ్మకు పంపాడు. వీడియోలో వాడు నవ్వుతూనే ఉన్నాడు.

తర్వాతి రోజుల్లో వాడు స్కూలుకు అవే వేసుకున్నాడు. గబగబా నడిచే పిల్లాడు వెనకబడటం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం దీవెన చాలా దూరం వెళ్ళిపోయి, వెనక్కి తిరిగి చూస్తే వాడు కనిపించలేదు. వెనక్కి వచ్చింది. కాలవ వంతెన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. ఊడదీసిన మేజోడు వేళ్ళ దగ్గర తడిగా ఉంది. మడమ మీద బొబ్బ చితికిపోయింది.

దీవెనను చూడగానే వాడు కాలు దాచుకోబోయాడు.

"అమ్మకి చెప్పకక్కా. ఏడుస్తుంది," అన్నాడు. "అమ్మ తప్పు కాదు. నేనే సరిగ్గా గీయలేదు. పెన్సిలు లోపలికి పోయినట్టుంది. చిటికెన వేలు కూడా కోసేశాను కదా."

దీవెన అక్కడే గట్టు మీద వాడి పక్కన కూర్చుంది. వాడు తనని తిట్టినా, కొట్టినా తట్టుకునేది. ఇన్నాళ్ళూ ఈ నొప్పంతా తన పెన్సిలు చేసిన తప్పే అనుకుని వాడు ఓర్చుకున్నాడు. ఆ పెన్సిలు ఏ తప్పూ చేయలేదు. అది చెప్పడానికి నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది.

వాడి బూట్లూ బ్యాగూ తను పట్టుకుని, వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. బీరువా కింది అరలో పేపరు ఎత్తి కార్డు బయటకు తీసింది.

"నువ్వు సరిగ్గానే గీశావురా. నేనే పంపలేదు. నా నక్షత్రాలు నలిగిపోతాయని తీసేశాను."

జాషువా కార్డు అందుకున్నాడు. తెరిచాడు. పాదం అలాగే ఉంది. చిటికెన వేలు ఊడిపోయి మడతలో పడి ఉంది.

"అయితే అమ్మ చూడలేదా?"

"లేదు."

"చాలా బాగుందంది కదా."

వాడు అరవలేదు. కార్డు తీసుకుని నాయనమ్మ మంచం మీదకు వెళ్ళి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ మర్నాటి నుంచి పాత చెప్పులేసుకుని దీవెన కంటే ముందే స్కూలుకు బయల్దేరేవాడు. అక్కా అని పిలవడం మానేశాడు. ఏదైనా కావాలంటే, పెన్సిలు చెక్కాలి అని గాలికి చెప్పినట్టు చెప్పేవాడు. దీవెన చెక్కి పెట్టేది. అంతకంటే ఏం చేయాలో తనకు తెలియలేదు.

దీవెన చెప్పిన సంగతంతా నాన్న విన్నాడు. చివరకు, అమ్మకు నువ్వే చెప్పు, అన్నాడు.

శుక్రవారం దీవెన ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చెప్పింది. మధ్యలో దాచకుండా, స్పాంజి దగ్గర్నుంచి చెప్పింది. అమ్మ అడ్డు రాకుండా విన్నది. కవరులో ఒక్కటే ఉన్నప్పుడే అనుమానం వచ్చిందట. పిల్లాడి మనసు కష్టపెట్టడం ఇష్టంలేక చూశానని అనేసిందట. దేవకుమారి ఉన్నట్టుండి బయల్దేరుతుంటే, మేడమ్‌గారి చిన్నబాబు కాలు చూసి ఉజ్జాయింపుగా కొన్నదట.

"నేనూ వాడికి అబద్ధం చెప్పాను కదే," అంది అమ్మ. కాసేపటికి మళ్ళీ తనే అంది. "వాడి కాలు నా దగ్గరికి వస్తుంటే ఆపేశావు దీవెనా."

అమ్మ గొంతులో కోపం లేదు. ఫోన్లో అమ్మ వెనక అలమార తలుపు మీద నక్షత్రాలు కనిపిస్తున్నాయి. దీవెన వాటిని చూడలేక తల దించుకుంది.

ఈస్టర్ అయిపోయింది. ఎండలు ముదిరాయి. దేవకుమారి తిరుగు ప్రయాణానికి బ్యాగు సర్దుకుంటోందని తెలిసిన రోజు, దీవెన వసారాలో మళ్ళీ చాప పరిచింది. ఈసారి నక్షత్రాల సంచి విప్పలేదు. ఒక పెద్ద తెల్ల అట్ట మాత్రం వేసింది. నాన్నను అడిగి తెప్పించుకుంది.

"జాషూ, ఒకసారి రా. కాలు పెట్టు."

వాడు గుమ్మంలో నిలబడి చూశాడు. "కాగితం మీద కాలు పెట్టకూడదన్నావు కదా."

ఆ మాట వాడు ఇంకా మర్చిపోలేదు. దీవెన లేచి వెళ్ళి, వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. మడమ మీద పాత బొబ్బ మచ్చ గరుకుగా తగిలింది. చెప్పు విప్పి, దుమ్ము తన పరికిణీతో తుడిచింది. వాడిని నడిపించుకొచ్చి ఆ పాదాన్ని అట్ట మధ్యలో పెట్టింది.

పెన్సిలును నిటారుగా పట్టుకుని, లోపలికి పోకుండా, ఒక్కో వేలి చుట్టూ మెల్లగా గీసింది. చక్కిలిగింత పుట్టి వాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు దీవెన విని చాలా రోజులైంది.

గీయడం అయ్యాక, ఆ పాత బంగారు పాదం ఇమ్మని అడిగింది. వాడు వెళ్ళి నాయనమ్మ దిండు కింద నుంచి తెచ్చాడు. చిటికెన వేలు కూడా తెచ్చాడు. దీవెన దాన్ని కొత్త గీత లోపల పెట్టి చూసింది. చుట్టూ తెల్లగా జాగా మిగిలింది. వేళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ మిగిలింది. నవంబరు నుంచి వాడు ఇంత పెరిగాడు. ఆ పెరగడం అమ్మ చూడలేదు. ఇప్పుడు ఎంత జాగ్రత్తగా గీసినా నవంబరులో అమ్మ చేతికి అందాల్సిన పాదం అందినట్టు కాదు. దీవెన కన్నీళ్ళు అట్ట మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది.

తర్వాత, పెద్ద పాదం లోపల చిన్న పాదాన్ని బంకతో అతికించింది. చిటికెన వేలిని దాని చోట పెట్టింది. కింద తేదీలు రెండూ రాయమని పెన్సిలు జాషువాకు ఇచ్చింది. వాడు వంకరగా రాశాడు. దీవెన సరిదిద్దలేదు.

కార్డు కవరులోకి పల్చగా, హాయిగా వెళ్ళిపోయింది. ఇంకో కార్డుకు కూడా చోటుంది. జాషువా కవరులోకి తొంగి చూసి, అక్క వైపు తిరిగాడు.

"నీ కార్డు ఏదక్కా?"

అక్కా అన్నాడు. దీవెన కవరును వాడి చేతిలో పెట్టింది.

"నాది పోయినసారి వెళ్ళింది కదరా. ఇది నీ వంతు. నువ్వే అంటించు."

వాడు అంచుకు బంక రాసి, పిడికిలితో గట్టిగా నొక్కాడు. కవరును ఛాతీకి ఆనించుకుని వీధిలోకి దిగి, దేవకుమారి ఇంటి వైపు గబగబా నడిచాడు. దీవెన ఈసారి ముందు వెళ్ళలేదు. వాడి వెనకే నడుస్తూ, కవరు ఆమె చేతిలో పడేదాకా చూస్తూ నిలబడింది.